శరణమును మొఱయును

క్రైస్తవ గృహములలో చట్రము కట్టించి గోడకు వ్రేలాడదీయు వేదవాక్యములలో 91వ కీర్తనకే యగ్రస్థానము. పెండ్లిమర్రి చుట్టుపట్ల మేమెఱిగిన క్రైస్తవుల యిండ్లలో నది కనబడని యిల్లు మిక్కిలి యరుదు. మా యింటను గలదు. మా తండ్రిగారు దానికి రెండుమాఱులు క్రొత్త గాజుపలక వేయించిరి. బిడ్డకు జ్వరము తగిలినను, కొడుకు కువైటునకు బయనమైనను, బోరు వేయించుటకు ముందును ఆ కీర్తన చదువక మావారు పని మొదలుపెట్టరు. దేవుడు మనుష్యునకు దాగుచోటనియు, కోటయనియు, పక్షిఱెక్కల నీడయనియు చెప్పు నా కవిత్వపు సొగసును మేము శంకించువారము కాము. అయినను దానిని మనము చదువుచున్న తీరునుగూర్చియు, తెలుగు క్రైస్తవ కీర్తనలలో శరణమను భావము పొందిన రూపమునుగూర్చియు కొంత విమర్శ యవసరమని మాకు తోచుచున్నది. అట్లు తోచుటకు మూలము ఒక యింట జరిగిన సంగతి.

గత వేసవిలో మా ప్రక్కయూర నాలుగేండ్ల బిడ్డ యొకతె మూడుదినముల జ్వరముతో మరణించెను. పరామర్శకు బోయినవారిలో మేమును నుంటిమి. సంఘపు పెద్ద యొకాయన, మంచివాడు, ఆ యింటివారికి కష్టకాలమున ధాన్యమిచ్చి యాదుకొన్నవాడు, గ్రంథము తెఱచి 91వ కీర్తననే చదివెను. దేవుని నాశ్రయించినవాని గడపను వ్యాధి త్రొక్కదని యందున్న సంగతి చదువరు లెఱుగుదురు. చదువుట ముగిసినది. అంతవఱకు గోడకు జేరగిలబడి మాటలేక కూర్చుండిన తల్లి తలయెత్తి, "మరి మా యింటికెట్ల వచ్చె?" అని యడిగెను. పెద్దాయన తొట్రుపడి, "అట్లనగాకు తల్లీ. దేవున్ని అడిగేదానికి మనమెంతటోళ్లం?" అనెను. అత్తగారు కొంగు నోటి కడ్డము పెట్టుకొనెను. ఆ తల్లి మరల తల దించుకొనెను. చదువుకొన్న వారమని పేరుగాంచిన మేమును ఒక్క పలుకైన బలుకలేక, ఇచ్చిన మజ్జిగ త్రాగి యిల్లు చేరితిమి.

ఇంటికి వచ్చి యోజింపగా మాకు గలిగిన సందేహమిది. దేవుని శరణు జొచ్చుటయనగా ప్రశ్నను మ్రింగుటయేనా? ఆ తల్లి యడిగిన మాట శరణమునకు వెలుపలిదా, లోపలిదా?

మొదట పదమును విచారింతము. మన తెలుగు బైబిలునందు హెబ్రీ కవుల భావమునకు ఆశ్రయము, శరణము, దుర్గము మున్నగు సంస్కృతపదములు వాడబడినవి. ఈ పదములు అనువాదకుల చేతికి వట్టి చేతులతో వచ్చినవి కావు. శరణ శబ్దమునకు ఇల్లనియు, రక్షించువాడనియు రెండర్థములను అమరసింహుడు చెప్పియున్నాడు. వైష్ణవాచార్యులు శరణాగతిని ఆఱంగములుగా విభజించిరి. అందు గోప్తృత్వవరణ మొక యంగము. అనగా రక్షకుడవు కమ్మని వరించి వేడుట. సర్వజ్ఞుడైన దేవునకు మన యక్కఱ తెలియదా యను ప్రశ్న వారికిని రాకపోలేదు. తెలిసియున్నను అడుగవలెననిరే గాని, అడుగుట యవిశ్వాసమని వారనలేదు. కార్పణ్యము, అనగా నాచేత గాదని యొప్పుకొనుట, మఱియొక యంగము. చేతగాదని యొప్పుకొనుటకు నోరుండవలెను గదా. ఇంత చరిత్రగల మాటను మనము గైకొని, దానిలోని నోటిని మాత్రము మూసివేసితిమా యని మా యనుమానము.

ఇక కీర్తనల యుపమానములు. బండ, కొండ, కోట, గుహ, నీడ: ఇవి తడి తక్కువై, ఎండ మెండై, రాతిగుట్టల నడుమ బ్రదికిన జనుల మాటలు. కోనసీమవారికి వీనిని వివరించి చెప్పవలసి యుండునేమో గాని, కడపసీమవారికి వ్యాఖ్యానమక్కఱలేదు. మిట్టమధ్యాహ్నమున పొలమునుండి వచ్చువానికి మఱ్ఱినీడ యననేమో పెండ్లిమర్రిలో నెవరిని నడిగినను జెప్పగలరు. ఆ చెట్టు మా యూరిపేరనే యున్నది. కోటయన్నచో జమ్మలమడుగు దాపున పెన్నకు గట్టుగా గండికోట నిలిచియున్నది. ఒకవైపు నిలువుగా చీలిన కొండ, దాని యడుగున నది, మఱియొకవైపు ప్రాకారము: శత్రువు రాలేడని చూచువానికెల్ల దోచును. అయినను 1650లో మీర్ జుమ్లా దానిని బట్టుకొనెను. దావీదు కీర్తనలు పాడినవారికిని కోటలు పడుట తెలియును, యెరూషలేమే పడినది. 46వ కీర్తన చూడుడు. భూమి కదలినను, పర్వతములు సముద్రమున మునిగినను వెఱవమని యా కవి చెప్పుచున్నాడే గాని, పర్వతములు కదలవని చెప్పలేదు. కదలికను ముందుగా నొప్పుకొని, పిమ్మట ఆశ్రయమును బలికినవాడతడు. మనమో, కదలికను దాటవేసి ఆశ్రయమును మాత్రము గోడకు దగిలించుకొంటిమి.

కీర్తనల గ్రంథమున 150 కీర్తనలున్నవి. వానిలో నించుమించు మూడవవంతు విలాపములు. ఈ సంగతి మా యెఱుకలో మిక్కిలి కొలదిమందికి దెలియును. ఏలయన మనము చదువునవి పదియో పదునైదో. 13వ కీర్తన 'ఎంతకాలము' అను ప్రశ్నతో మొదలై ఆ ప్రశ్ననే మరల మరల నడుగును. 44వ కీర్తనయం దొక జాతి యంతయు గూడి, మేము నీ నిబంధన మీఱలేదే, ఏల నిద్రించుచున్నావు, లెమ్మని దేవుని గద్దించును. మన దేవాలయములలో వేకువను సుప్రభాతము పాడి స్వామిని మేలుకొలుపుట గలదు. అది సుతిమెత్తని మేలుకొలుపు. 44వ కీర్తన తలుపు బాదినట్లుండును. ఇక 88వ కీర్తన. విలాపకీర్తనలలో బెక్కులు తుదకు స్తుతివైపు మఱలును. ఇది యట్లు మఱలదు. చీకటితో ముగియును. ఒక్క యూఱటమాట యైన చివర లేదు. అట్టి గీతమును భక్తుల పాటల పుస్తకములో నుండనిచ్చిన యా జాతి ధైర్యమునకు మేము నమస్కరించుచున్నాము. దాని మొదటివాక్యము మాత్రము దేవుని రక్షణకర్తయని పిలుచును. పిమ్మటిదంతయు ఆ రక్షణకర్తపైననే మొఱ. ఆశ్రయమిచ్చువా డతడే యైనపుడు మొఱ మఱి యెవరితో బెట్టుకొనవలెను?

91వ కీర్తననుగూర్చి మఱియొక సంగతి మనము మఱచుచున్నాము. సువార్తలలో దీనిని వల్లించినవాడు యేసు కాదు, శోధకుడు. దేవాలయశిఖరముపై నిలువబెట్టి, దూతలు నిన్ను చేతులమీద నెత్తికొందురని వ్రాయబడియున్నది గావున దుముకుమని వాడీ కీర్తనలోని మాటలనే సాక్ష్యముగా జూపెను. యేసు దుముకలేదు. శోధకుని పాఠములో నక్షరదోషము లేదు. దోషము అన్వయములో నున్నది. ప్రార్థనగా బాడినదానిని వాడు పూచీకత్తుగా జదివెను. ఇంటి గడపను రోగము త్రొక్కదని కాగితము వ్రాసియిచ్చినట్లు మనము చదువునపుడు ఎవరి పాఠశాలలో జదువుకొన్నవార మగుదుమో చదువరులే యోజింతురు గాక. ఆ యేసే సిలువపై బ్రాణము విడుచువేళ మత్తయి మార్కు లిరువురి ప్రకారము 22వ కీర్తన మొదటి మొఱను బలికెను; లూకా ప్రకారము 31వ కీర్తనలోని యప్పగింతమాట బలికెను. ఈ రెండవది ఆశ్రయకీర్తన, మొదటిది విడువబడినవాని కీర్తన. క్రైస్తవుల పక్షమున మేము చెప్పదగినది యిదియే: మా ప్రభువు నోట ఆ రెండును ఒక్కనాడే వచ్చినవి. ఆయన నోట వచ్చిన ప్రశ్న ఆ తల్లి నోట వచ్చిన నెట్లు తప్పగును?

యోబు గ్రంథమును జూపి, ఓర్పు వహింపుమని బోధించుట మనకు వాడుక. ఆ గ్రంథమును మొదటి రెండధ్యాయములతో మూసివేయువారికి యోబు ఓర్పుగలవాడే. తరువాతి యధ్యాయములలో నాతడు పుట్టినదినమును శపించి, దేవునితో వ్యాజ్యెమాడెదనని నిలిచినాడు. అతని మిత్రులు వచ్చి యేడు పగళ్లు నేడు రాత్రులు మాటలాడక నేలపై గూర్చుండిరి. వారు చేసిన మంచిపని యదియే. నోరు తెఱచినది మొదలు వారు మన పెద్దలు పలుకు పలుకులే పలికిరి: పాపము లేనిదే దుఃఖము రాదు, దేవునితో వాదింపరాదు, తగ్గించుకొనుము. చదువునపుడు వారి వాక్యములు చాల భక్తియుక్తముగ నుండును. వానిని చీల్చి గోడలకు దగిలించుకొన్నవారును గలరు. తుదకు దేవుడు ఆ మిత్రులపైన గోపించి, తననుగూర్చి యుక్తముగ బలికినవాడు యోబే గాని వారు గారని తీర్పు చెప్పెను. ఈ తీర్పు క్రైస్తవుల పరామర్శలలో నెన్నడైన జదువబడగా మేము వినలేదు.

తెలుగుదేశమునకు ఈ వ్యాజ్యెము క్రొత్తదా? కాదు. పోతన భాగవతమున అష్టమస్కంధములోని గజేంద్రుని దలచుకొనుడు. (పోతన మా ఒంటిమిట్టవాడో ఓరుగంటివాడో యను తగవును మేమిచట లేవనెత్తము, లేవనెత్తినచో ఈ వ్యాసము ముగియదు.) బలము తఱిగి, మడుగులో నీడ్వబడుచున్న యా యేనుగు, ఉన్నాడందురే, నిజముగా నున్నాడా లేడా యని దేవుని యునికినే శంకించును. ఆ శంకను పోతన దాచలేదు. తెలుగువారి పిల్లలకెల్ల కంఠస్థమగునంత యింపుగా దానిని పద్యముచేసెను. శంకించిన కారణమున విష్ణువు రాక మానలేదు, చెప్పాపెట్టక పరుగెత్తివచ్చెను. ఇక గోలకొండ చెఱలోనుండి రామదాసు రామునితో బెట్టుకొన్న కలహ మెవరెఱుగరు? చేయించిన నగలకు లెక్కలడిగి, దెప్పి, మరల క్షమింపుమని కాళ్లపై బడెను. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకమున శ్రీకాకుళ స్వామిని నిందించుచునే స్తుతించెను. నిందాస్తుతియని దీనికి మన సాహిత్యమునం దొక పేరే కలదు. దేవునితో జగడమాడుట భక్తికి బరమావధియైన చనువని తెలుగు వారెన్నడో గ్రహించిరి.

ఈ నేలమీదనే తెలుగు క్రైస్తవకీర్తన పుట్టినది. 1803లో జన్మించి 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు దానికి బెద్దదిక్కు. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు దొడిగి పాడించుచున్న దినములలో ఆయన రాగతాళములతో, పల్లవి చరణములతో మన కీర్తన మార్గముననే క్రీస్తును గానము చేసెను. ఆయన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నేటికిని పాడబడుచున్నవి. వాని నడక, పశ్చాత్తాపపు మెత్తదనము, క్రీస్తుని దయను దలచి కరగిపోవు తీరు మాకు మిక్కిలి ప్రియములు. అయినను విమర్శకుని ధర్మముగా నొకమాట చెప్పవలసియున్నది. ఆయనయు, ఆయన వెనుక వచ్చినవారును రామదాసు నుండి రాగమును దెచ్చుకొనిరి, తాళమును దెచ్చుకొనిరి, జగడమును దెచ్చుకొనలేదు. మేము పాడి యెఱిగినంతలో, ఈ కీర్తనలందు పాపమునకు భయపడి దేవుని శరణు జొచ్చువారే గాని, అన్యాయమైన దుఃఖమునకు దేవునినే నిలదీసి శరణు జొచ్చువారు మిక్కిలి తక్కువ. పాపి నోరు విప్పినాడు, బాధితుడు విప్పలేదు.

ఏల యిట్లు జరిగినది? మాకు తోచిన దొక యూహ. మా జిల్లాలో క్రైస్తవసంఘములు పెరిగినది పేదల పల్లెలలో. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కఱవు కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలను బాడుచేసినది. ఆ కాలమున సంఘములలో జేరినవారిని గంజికొఱకు జేరినవారని యెగతాళి చేయనివారు లేరు. ఒంగోలున క్లౌ దొర యీ నింద యెఱిగియే, బకింగుహాము కాలువ పనులలో కూలియిచ్చి ప్రాణములు నిలిపినన్నాళ్లు, పదునైదు మాసములపాటు, బాప్తిస్మములను నిలిపివేసెను. కఱవుసాయము తీరిన పిమ్మటనే, 1878 జూలై 3న, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూడు పెట్టినవాని యింట గూర్చుండి కూరలో నుప్పు లేదనుట మర్యాద గాదని మన పెద్దలందురు. ఆశ్రయము పొందినవారమని యూరంతయు వ్రేలెత్తి చూపుచుండగా, ఆ యాశ్రయమిచ్చిన దేవునిమీద మొఱపెట్టుటకు మా పూర్వులకు నోరాడలేదేమో. కృతజ్ఞత వారి కొక కట్టడి యైనది. వారిని మేము తప్పుపట్టము. వారి కట్టడిని మన బిడ్డలమీద గూడ రుద్దుట మాత్రము మాకు సమ్మతము కాదు.

కీర్తనలపుస్తకములో చోటులేని మొఱ వెలుపల పలికినది. 1895లో వినుకొండయందు క్రైస్తవకుటుంబమున జన్మించిన గుఱ్ఱము జాషువ 1941లో గబ్బిలము ప్రకటించెను. ఆలయప్రవేశము లేని దరిద్రుడొకడు తన దుఃఖమును శివునికి విన్నవింపుమని గబ్బిలమును దూతగా బంపుచున్నాడు. తనకు బోరాని గుడిలోనికి గబ్బిలమునకు బోవచ్చును. దేవుని చెవి దగ్గర తలక్రిందులుగ వ్రేలాడవచ్చును. కాళిదాసు మేఘమునకు బదులుగా నీ ప్రాణి నెన్నుకొనుటలోనే సగము కావ్యమున్నది. క్రైస్తవుని లేఖిని, శైవుని దేవుడు, సంస్కృతకావ్యపు మార్గము. అయినను మాకది 44వ కీర్తనకు తెలుగున వెలసిన చెల్లెలుగా గానవచ్చును. తరువాత జాషువ క్రీస్తుచరిత్రయు రచించెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. అది గౌరవనీయమైన కావ్యమే. అయినను శరణమను భావము నెఱుగగోరువారికి మేము గబ్బిలమునే ముందు చేతికిత్తుము.

ఇట్లు మొఱను మెచ్చుకొన్నచో అవిశ్వాసము ప్రబలదా యని యొకరు మమ్మడిగిరి. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దుఃఖములో నున్నవానికి ప్రశ్నలు నేర్పుట పుండును గెలుకుటయని భయపడువారి మనస్సు మంచిదే. నిత్యము మొఱలోనే కాపురముండువారును గలరు. వారి దుఃఖము వారికి ఘనతగా మాఱును. కాని యాశ్రయమును నిజముగ నెఱిగినవారెట్లు బ్రదికిరో చూచిన నీ భయము కొంత తీరును. 46వ కీర్తన నాధారముగ జేసికొని మార్టిన్ లూథరు జర్మనుభాషలో రచించిన కోటపాట లోకమంతట బ్రసిద్ధము. ఇంచుమించు దానిని వ్రాసిన కాలముననే, 1527లో, విట్టెన్‌బర్గు నగరమునకు మహామారి వచ్చెను. విద్యాలయము వేఱొకయూరికి తరలినది. అతనిని గూడ దరలుమని రాజు చెప్పెను. అతడు కదలక, తన యింటినే రోగుల కాసుపత్రిగా జేసెను. మఱుసటియేట నతని పసికూతురు ఎలిజబెతు మరణించెను. కోట యని పాడినవాని గడపను మృత్యువు త్రొక్కినది. అతడు కోటపాటను మార్చలేదు, ఏడ్చుటయు మానలేదు. శరణమునకు ఇల్లను నర్థము కలదంటిమి. తనకు దొరకిన శరణము నితరులకు ఇల్లుగా దెఱచినవాని నోటనే కోటపాట చెల్లును. జమ్మలమడుగున లండను మిషనువారు వెలయించిన కాంబెల్ ఆసుపత్రివంటివి మా జిల్లాలో నాశ్రయమను మాటకు జేసిన వ్యాఖ్యానము, మా వారి ప్రసంగములన్నిటికంటెను గొప్పది.

దసరా సెలవులలో మేము మరల ఆ యింటికి బోయితిమి. పెద్దాయనయు నచటనే యుండెను. ఒక్క కీర్తన చదువుటకు సెలవిండని యడిగి, 88వ కీర్తన మొదటినుండి తుదివఱకు, నేమియు వ్యాఖ్యానింపక, చదివితిమి. చీకటితో నది ముగియగానే పెద్దాయన, "చావైన యింట్లో ఇట్లాంటిది సదవకూడదయ్యవారూ. మంచిమాట ఏదన్నా సదవండి," అనెను. మేము బదులు చెప్పబోవునంతలో ఆ తల్లి, "ఇది రాసినాయనకు ఎవురు పాయిరంట?" అని యడిగెను. ఎజ్రాహీయుడైన హేమానని పేరుమాత్రమున్నది, ఎవరు పోయిరో వ్రాయలేదు తల్లీ యంటిమి. ఆమె కొంతసేపూరకుండి, మరల చదువుమనెను. మరల చదువుచుండగా పెద్దాయన లేచి వసారాలోనికి బోయి కూర్చుండెను. చదువుట ముగిసిన పిదప ఆమె గోడమీది క్యాలెండరు దింపి, దాని వెనుక ఆ కీర్తన యంకె వ్రాసి యిమ్మనెను. వ్రాసియిచ్చితిమి. వసారాలో పెద్దాయన ప్రక్కన గొంతసేపు గూర్చుంటిమి గాని, ఆనాడు మా యిద్దఱి నడుమ మాటలు సాగలేదు.